గుబురయ్య రెండో అడుగు

కొండల నడుమ నేరేళ్ళకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, నెమళ్ళు, కొండముచ్చులు, ముళ్ళపందులు, ఎలుగుబంట్లు, కప్పలు, తాబేళ్ళు అన్నీ కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అంటే పోట్లాడుకోకుండా అని కాదు పిల్లలూ! పొద్దున పోట్లాడుకున్నా, సాయంత్రానికి అందరూ ఒకే మడుగులో నీళ్ళు తాగేవారు. ఆ మడుగు పేరు లోతు మడుగు. ఎండాకాలంలో వాగులన్నీ ఎండిపోయినా అది మాత్రం ఎండేది కాదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. బయటి ప్రాణిని ఎవరైనా అడవిలోకి తెస్తే, అందరి ముందూ దానికి పూచీ పడాలి. పూచీ అంటే, దీని మంచిచెడ్డలన్నీ ఇకమీద నావే అని ఒప్పుకోవడం. ఊరికే నోటితో ఒప్పుకుంటే కుదరదు. మడుగు ఒడ్డున తడిబురదలో కాలు గట్టిగా నొక్కి అడుగు వేయాలి. ఆ అడుగు ఎండి గట్టిపడేది. అది కనబడుతున్నంత కాలం ఆ ప్రాణి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. పూచీ లేని బయటి ప్రాణిని మాత్రం ఎవరైనా వేటాడి తినొచ్చు.

వానలు వచ్చి ఒడ్డు తడిస్తే అడుగు చెరిగిపోయేది. అడుగు చెరిగితే పూచీ తీరిపోయినట్టే.

ఈ పద్ధతిలో ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. ఎందుకంటే అప్పటిదాకా వచ్చిన వాళ్ళంతా వానలకు ముందే వెళ్ళిపోయారు. రెక్క విరిగిన కొంగ ఒకటి వచ్చింది, రెక్క అతుక్కోగానే ఎగిరిపోయింది. మంద తప్పిన మేకపిల్ల ఒకటి వచ్చింది, నాలుగో రోజే కాపరి వెతుక్కుంటూ వచ్చి ఎత్తుకుపోయాడు. వానలు దాటి అడవిలో ఉండిపోయిన అతిథి ఒక్కరు కూడా లేరు.

ఆ అడవిలోనే గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటి నిండా గుబురు వెంట్రుకలు, గుండె నిండా జాలి. అయితే ఆ జాలికి ఒక చిక్కు ఉంది. తను జాలిపడుతున్నప్పుడు నలుగురూ చూడాలని గుబురయ్యకు మహా కోరిక. ఎవరూ చూడకపోతే అతని జాలి సగానికి సగం తగ్గిపోయేది.

చలికాలం ఒక మధ్యాహ్నం గుబురయ్య అడవి అంచున పుట్ట తవ్వి చెదపురుగులు తింటున్నాడు. అప్పుడు వాగు దగ్గరికి మనుషులు వచ్చారు. ఒక అమ్మ, ఒక నాన్న, ఏడుస్తున్న పాప. నాన్న చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. గుబురయ్య పొద చాటున నక్కి చూశాడు.

"ఏడవకే తల్లీ, ఇంట్లో ఒకటే వాసన. నీళ్ళు మార్చలేక నా నడుం విరిగిపోతోంది" అంది అమ్మ.

నాన్న డబ్బా మూత తీసి, అందులోంచి ఒక చిన్న ప్రాణిని వాగు ఒడ్డున వదిలాడు. "ఇక్కడైతే హాయిగా బతుకుతుందిలే" అన్నాడు. ఆ మాట అనగానే ముగ్గురి ముఖాలూ తేలికపడ్డాయి. పాప కూడా కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

గుబురయ్య దగ్గరికి వెళ్ళి చూశాడు. అది తాబేలు పిల్ల. కానీ మడుగులో తిరిగే తాబేలు లాంటిది కాదు. పచ్చని ఒళ్ళు, మెడ మీద పసుపు చారలు, చెవుల దగ్గర ఎర్రగా రెండు గుర్తులు. చేతిలో పట్టుకుంటే మారేడుకాయంత కూడా లేదు. గుబురయ్య నోరెళ్ళబెట్టాడు. ఇలాంటిది నేరేళ్ళకోనలో ఎవరి దగ్గరా లేదు!

"ఎవరు నువ్వు?" అని అడిగాడు.

"తెలియదు" అంది ఆ పిల్ల.

"ఎక్కడి నుంచి వచ్చావు?"

"గాజుపెట్టెలోంచి. పైనుంచి గింజలు పడేవి. ఇక్కడ గింజలు ఎప్పుడు పడతాయి?"

గుబురయ్య పైకి చూశాడు. ఆకాశంలోంచి గింజలు ఎందుకు పడతాయో అతనికి అర్థం కాలేదు. అయినా తల ఊపి, "అన్నీ నేను చూసుకుంటాను కదా" అన్నాడు. చెవుల దగ్గరి ఎరుపు చూసి దానికి పగడం అని పేరు పెట్టాడు.

ఆ సాయంత్రం మడుగు దగ్గర సందడే సందడి. దుప్పులు మెడలు చాచి చూశాయి. కప్పలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చూశాయి. కొండముచ్చు తోకరాజు అయితే కొమ్మ మీంచి తలకిందులుగా వేలాడుతూ, "బావా! ఏం అదృష్టం బావా! నీ ఇంటికి పగడాలే నడిచొచ్చాయి" అన్నాడు. గుబురయ్య ఒళ్ళు పులకరించింది.

అప్పుడు ముళ్ళపంది సూదమ్మ అవ్వ ముందుకు వచ్చింది. పూచీ పడేవాళ్ళను ప్రశ్నలు అడగడం ఆమె పని. ఆమె ముళ్ళు సగం తెల్లబడ్డాయి. మాట మాత్రం ముళ్ళకంటే వాడి.

"నాయనా గుబురయ్యా, ఇది ఏం తింటుంది?" అని అడిగింది.

"మనం పెట్టింది తింటుంది."

"ఎంత పెరుగుతుంది?"

"చిటికెడు ప్రాణి అవ్వా! పెరిగితే మాత్రం ఎంత పెరుగుతుంది?"

"ఎన్నాళ్ళు బతుకుతుంది?"

 నిజానికి గుబురయ్యకు మూడు ప్రశ్నలకూ జవాబు తెలియదు. కానీ అందరూ చూస్తున్నారు. తెలియదు అంటే ఏం బాగుంటుంది?

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు నేనున్నాను కదా" అన్నాడు గొంతు పెంచి.

అందరూ శభాష్ అన్నారు. సూదమ్మ అవ్వ మాత్రం పెదవి విరిచింది. "తెలియకపోతే తెలియదని చెప్పరా. ఇందులో పరువు పోయేది ఏముంది?" అంది. గుబురయ్య ఆ మాట వినిపించుకోలేదు. బురదలో కాలు మోపి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. అంత పెద్ద అడుగు ఆ ఒడ్డున అంతకు ముందు ఎవరూ వేయలేదు.

"సరే. మరి దీన్ని మడుగులో వదలొద్దు. దీని సంగతి మనకు తెలియదు" అంది అవ్వ.

గుబురయ్య మడుగు పక్కనే ఒక గుంట తవ్వాడు. చుట్టూ రాళ్ళు పేర్చాడు. మడుగులోంచి చిన్న కాలువ తీసి నీళ్ళు నింపాడు. పగడాన్ని అందులో వదిలి, తనకు అన్నిటికంటే ఇష్టమైన తేనెపట్టు ముక్క తెచ్చి పెట్టాడు.

పగడం దాన్ని వాసన చూసి ముఖం తిప్పేసుకుంది.

తేనె వద్దనే ప్రాణి ఉంటుందని గుబురయ్య కలలో కూడా అనుకోలేదు. రేగుపళ్ళు తెచ్చాడు, వద్దంది. చెదపురుగులు తెచ్చాడు, కొన్ని తింది. వానపాములు తెచ్చాడు, ఉన్నవన్నీ మింగి "ఇంకా" అంది. చేపపిల్లలు తెచ్చాడు, అవీ మింగి "ఇంకా" అంది. గుబురయ్య తల గోక్కున్నాడు. ఇంత చిన్న పొట్టలోకి అంత తిండి ఎలా పోతోంది?

మొదట్లో అంతా బాగానే ఉంది. రోజూ ఎవరో ఒకరు పగడాన్ని చూడడానికి వచ్చేవారు. గుబురయ్య గుంట పక్కన కూర్చుని గొప్పలు చెప్పుకునేవాడు. ఒకరోజు తోకరాజు ముద్దు చేద్దామని వేలు పెట్టాడు. పగడం ఆ వేలు పట్టుకుని ఎంతకూ వదల్లేదు. తోకరాజు కేకలకు నెమళ్ళన్నీ ఎగిరి చెట్లెక్కాయి.

"కరుస్తుందని చెప్పొద్దా బావా?" అన్నాడు తోకరాజు వేలు ఊదుకుంటూ.

"నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు గుబురయ్య. అతను నిజమే చెప్పాడు.

ఆ తర్వాత చూడడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తిండి మాత్రం తగ్గలేదు. గుంటలో నీళ్ళు రెండు రోజులకే మురిగి వాసన కొట్టేవి. గుబురయ్య నీళ్ళు తోడి పారబోసి, మళ్ళీ కాలువ తెరిచి నింపేవాడు. నడుం పట్టేసేది. ఎవరూ చూడనప్పుడు తన జాలి తగ్గుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. అది తెలిసి సిగ్గుపడేవాడు. సిగ్గుపడి ఇంకో నాలుగు వానపాములు ఎక్కువ తెచ్చేవాడు.

ఇంతలో ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. ఎలుగుబంట్లకు ఇంతకంటే పెద్ద పండుగ లేదు. కొండ అవతల ఇప్పతోపులో చెట్ల కింద పూలు పరుపులా రాలి ఉంటాయి. ఏటా గుబురయ్య నెల రోజులు అక్కడే మకాం. ఈసారి గాలిలో ఆ తియ్యని వాసన తగిలినప్పుడల్లా అతని కాళ్ళు వాటంతట అవే కొండ వైపు తిరిగేవి.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళాడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాడు. వచ్చేసరికి గుంటలో పగడం లేదు. రాళ్ళ మీదుగా పాకి బయట పడి, ఎండిన బండ మీద వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు కూడా కదలడం లేదు. గుబురయ్య దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. గబగబా నీళ్ళలో పెట్టాడు. చాలాసేపటికి అది కళ్ళు తెరిచింది.

"ఎందుకు బయటికి వచ్చావు?" అన్నాడు కోపంగా. కోపం ఎవరి మీదో అతనికే తెలియలేదు.

"నువ్వు రాలేదు. ఆకలేసింది" అంది పగడం.

ఆ ఏడు అతను మళ్ళీ ఇప్పతోపుకు వెళ్ళలేదు. కానీ రోజూ మడుగు ఒడ్డున తన అడుగు వైపు చూసేవాడు. తర్వాత ఆకాశం వైపు చూసేవాడు. వానలు ఎప్పుడు వస్తాయా అని అంతగా ఎదురుచూసిన ప్రాణి ఆ అడవిలో ఇంకొకటి లేదు. చివరికి చాతక పక్షులు కూడా అంత ఎదురుచూసి ఉండవు.

వానలు వచ్చాయి. ఒక్క మధ్యాహ్నం దబదబా కురిసేసరికి ఒడ్డంతా బురదై, గుబురయ్య అడుగు ఆనవాలు లేకుండా పోయింది.

"బావా! పూచీ తీరిపోయింది!" అని తోకరాజు చెట్టు మీంచి అరిచాడు.

గుబురయ్య పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. గుంట పొంగి మడుగులో కలిసిపోతోంది. పగడం అంచున తేలుతూ అతని వైపే చూస్తోంది. అప్పటికి అది కొబ్బరిచిప్పంత అయింది.

"మామా, నువ్వు వెళ్తున్నావా?" అంది.

గుబురయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. వానపాములు ఎవరు తెస్తారు? మడుగులో వదలొద్దని అవ్వ అంది కదా? కానీ పూచీ తీరిపోయింది కదా? ఏది ముందు, ఏది వెనక అని ఆలోచిస్తే తల తిరిగింది. అందుకని ఆలోచించడం మానేశాడు.

"ఎంత పెద్ద మడుగు! ఇక్కడైతే హాయిగా బతుకుతుందిలే" అనుకుని, చేతులు దులుపుకుని కొండ ఎక్కేశాడు. సూదమ్మ అవ్వ తన కలుగులోకి చేరిన నీళ్ళు తోడుకుంటూ ఉండడంతో ఆమెకు ఈ సంగతి తెలియలేదు.

కొండ అవతల గుబురయ్యకు మంచి గుహ దొరికింది. ఇప్పతోపు పక్కనే, తేనెపట్లు దగ్గరలోనే. ఒక ఏడు ఉందామనుకున్నవాడు మూడు ఏళ్ళు ఉండిపోయాడు. అప్పుడప్పుడు పగడం గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా, పెద్ద మడుగులో హాయిగా ఈదుతూ ఉంటుందిలే అనుకునేవాడు. అలా అనుకోగానే మనసు తేలికపడేది.

మూడు వానాకాలాలు గడిచాక ఇంటి మీద బెంగ పుట్టింది. తనను చూసి అందరూ పరిగెత్తుకొస్తారని ఊహించుకుంటూ నేరేళ్ళకోనలో దిగాడు.

ఎవరూ రాలేదు. అంతకంటే వింత ఇంకొకటి. వానాకాలం సాయంత్రం, మడుగు నిండా నీళ్ళు, అయినా ఒక్క కప్ప అరుపు లేదు. గుబురయ్య చెవులు దులుపుకుని మళ్ళీ విన్నాడు. ఏమీ లేదు. దోమలు మాత్రం గుంపులు గుంపులుగా ముసిరాయి. దోమకాటుకు తాళలేక దుప్పులు పిల్లలను పొదల్లో దాచుకుని నిలబడ్డాయి.

మడుగు తాబేలు చిప్పమ్మ ఒడ్డున రాళ్ళ మధ్య ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ మడుగు మధ్యలో తేలే పాత దుంగ మీద పిల్లలను ఎక్కించుకుని ఎండ కాచుకునేది.

"చిప్పమ్మా, ఇక్కడ కూర్చున్నావేం? పిల్లలేరి?" అని అడిగాడు గుబురయ్య.

 చిప్పమ్మ దుంగ వైపు చూసింది. దుంగ నిండా పరుచుకుని పగడం కూర్చుని ఉంది. విస్తరాకంత అయింది. చెవుల దగ్గర ఎరుపు ఇంకా అలాగే ఉంది.

గుబురయ్యను చూడగానే పగడం నీళ్ళలోకి దూకి, ఒడ్డుకు ఈదుకుంటూ వచ్చి, అతని ముందు నోరు తెరిచింది. మూడేళ్ళ కిందట వానపాముల కోసం తెరిచినట్టే తెరిచింది. గుబురయ్యకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు సూదమ్మ అవ్వ అందరినీ పిలిచింది. జరిగింది వాళ్ళంతా తలా ఒక మాటగా చెప్పారు. పగడం ముందు తోకకప్పలను తింది. తర్వాత చేపపిల్లలను తింది. కప్పలు గుడ్లు పెడితే గుడ్లు కూడా తింది. చిప్పమ్మ పిల్లలకు తిండి లేకుండా పోయింది, ఎండ కాచుకునే చోటూ లేకుండా పోయింది. చిక్కిపోయి ఒక్కొక్కటే పోయాయి. మిగిలిన కప్పలు వేరే నీళ్ళు వెతుక్కుంటూ అడవి వదిలి వెళ్ళిపోయాయి.

"దీన్ని వాగులో పడేద్దాం. కిందికి కొట్టుకుపోతుంది" అన్నాడు తోకరాజు.

"కింద కూడా ఒక మడుగు ఉంది. అక్కడా కప్పలున్నాయి. వాళ్ళతో చెప్పి వచ్చావా?" అంది సూదమ్మ అవ్వ.

"అయితే తెచ్చిన మనుషులకే ఇచ్చేద్దాం."

"వాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా వచ్చారా?"

"అయితే... ఇక్కడే ఉండనిద్దాం" అన్నాడు తోకరాజు. చిప్పమ్మ అతని వైపు చూసింది. "అబ్బే, ఉండనివ్వకూడదు" అన్నాడు వెంటనే.

 అప్పుడు వెనక కూర్చున్న నక్క గొంతు సవరించుకుంది. "ఇంత ఆలోచన ఎందుకు? పూచీ లేని ప్రాణి ఎవరి నోటికైనా దక్కుతుంది. ఇది మనం పెట్టుకున్న పద్ధతే. ఎండలో బండ మీద వెల్లకిలా వేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అని పెదవులు నాక్కుంది.

 దుప్పులు తల దించుకున్నాయి. ఆ మాట ఎవరికీ నచ్చలేదు, కానీ కాదనడానికి ఎవరి దగ్గరా మాట లేదు.

నీళ్ళ అంచున పగడం అంతా విన్నది.

"నేనేం తప్పు చేశాను? గాజుపెట్టెలోంచి తీసినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. గుంటలో వేసినప్పుడు అడగలేదు. మడుగులో వదిలినప్పుడూ అడగలేదు. ఆకలేసి తింటే మాత్రం అందరూ నన్నే అడుగుతున్నారు" అంది.

 ఇది చిప్పమ్మ పిల్లలను పొట్టన పెట్టుకుంది, దాని మీద గుబురయ్యకు కోపం రావాలి. కానీ రాలేదు. చిప్పమ్మ ముఖం చూస్తే పగడాన్ని వెనకేసుకు రావడానికీ నోరు రాలేదు. ఎవరిది తప్పు? వదిలిన మనుషులదా? తినే ప్రాణిదా? అడుగు చెరిపిన వానదా? అతను ఎటు తిరిగి చూసినా ఒక్కొక్కరూ తప్పుకుంటున్నారు. చివరికి తనొక్కడే మిగిలాడు.

"గుబురన్న తప్పేమీ లేదు. అడుగు చెరిగిపోయింది కదా" అని ఒక దుప్పి మెల్లగా అంది.

మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. ఆచారం అతని వైపే ఉంది. ఇప్పతోపు కొండ అవతల ఎదురుచూస్తోంది. గుబురయ్య వెళ్ళిపోదామని ఒక కాలు ఎత్తాడు కూడా. అప్పుడు అతనికి వాగు ఒడ్డున నాన్న అన్న మాట గుర్తొచ్చింది. ఇక్కడైతే హాయిగా బతుకుతుందిలే. ఆ మాట అనగానే ఆ ముగ్గురి ముఖాలూ ఎలా తేలికపడ్డాయో గుర్తొచ్చింది. సరిగ్గా అదే మాట తనూ అన్నాడు. తన ముఖం కూడా అలాగే తేలికపడి ఉంటుంది.

ఎత్తిన కాలు దించేశాడు. 

"అవ్వా, ఆ రోజు నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. ఏం తింటుందో తెలియదు, ఎంత పెరుగుతుందో తెలియదు, ఎన్నాళ్ళు బతుకుతుందో తెలియదు. అందరూ చూస్తున్నారని తెలిసినట్టు మాట్లాడాను" అన్నాడు.

"ఇప్పుడు తెలుసా?" అంది అవ్వ.

"తెలియదు. ఇప్పుడూ తెలియదు. కానీ ఇది నాది. వాన నా అడుగును చెరిపింది కానీ దీన్ని చెరపలేదు. దాన్ని నేను తీసుకెళ్తాను."

నక్క నవ్వింది. "ఎన్నాళ్ళు? ఇంకో వాన పడేదాకానా?"

 గుబురయ్య నీళ్ళలోకి దిగి పగడాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. అది భయపడి అతని చెయ్యి కొరికింది. రక్తం వచ్చింది. అయినా అతను వదల్లేదు. "రండి" అని అందరినీ తన పాత గుహ దగ్గరికి తీసుకెళ్ళాడు.

గుహ లోపల, బండ కింద, గోడ నుంచి ఊరే తడితో మెత్తని బంకమట్టి ఉంది. వాన అక్కడికి ఎప్పుడూ రాదు, ఎంత గాలి వీచినా జల్లు కూడా తగలదు. గుబురయ్య ఆ మట్టిలో కాలు పెట్టాడు. ఈసారి ఎవరు చూస్తున్నారో తల ఎత్తి చూడలేదు. మెల్లగా, బరువంతా వేసి నొక్కాడు.

సూదమ్మ అవ్వ ఆ అడుగును చాలాసేపు చూసింది. "ఇది చెరగదు నాయనా" అంది. ఆమె గొంతులో మొదటిసారి ముళ్ళు లేవు.

"చెరగకూడదనే వేశాను అవ్వా" అన్నాడు గుబురయ్య.

గుహ ముందు నెల రోజులు కష్టపడి పెద్ద గుంట తవ్వాడు. పాకి బయటికి రాకుండా గోడలు నిటారుగా పేర్చాడు. గుంట పొంగి వాగులో కలవకుండా పైన కట్ట వేశాడు. ఎండ కాచుకోవడానికి ఒక దుంగ పడేశాడు. తేనె తెచ్చి పెట్టడం మానేసి, పగడం ఏది తింటోందో, ఏది వదులుతోందో రోజూ కూర్చుని చూశాడు. పెద్దయ్యాక అది నీటి ఆకులు కూడా ఇష్టంగా తింటుందని అప్పుడు తెలిసింది. మూడేళ్ళ ముందే చూసి ఉంటే ఎంత బాగుండేదో అని గుబురయ్య బాధపడ్డాడు.

మరుసటి వానాకాలం మడుగులో ఒక కప్ప అరిచింది. ఒకే ఒక్కటి. అడవంతా ఆగి విన్నది. ఆ పై ఏడు నాలుగు అరిచాయి. చిప్పమ్మ మళ్ళీ తన దుంగ ఎక్కింది. ఆమెకు కొత్త పిల్లలు పుట్టారు. కానీ ఆమె గుబురయ్యతో ఎప్పుడూ మాట్లాడలేదు. గుబురయ్య కూడా మాట్లాడమని అడగలేదు.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో కొండ మీంచి ఆ తియ్యని వాసన వచ్చేది. గుబురయ్య ముక్కు ఎగబీల్చి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే కూర్చునేవాడు. తర్వాత లేచి వానపాముల కోసం వెళ్ళేవాడు. కష్టంగా ఉండేది. కష్టంగా లేదని ఎవరితోనూ అబద్ధం చెప్పేవాడు కాదు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. గుబురయ్య మూతి నెరిసింది. పగడం చిప్ప మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. దారిలో తడిసిపోయిన సూదమ్మ అవ్వ గుహలోకి వచ్చి కూర్చుంది.

"అవ్వా, ఇది నాకంటే ఎక్కువ కాలం బతికేలా ఉంది. నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు? ఎంత ఆలోచించినా తోచడం లేదు" అన్నాడు గుబురయ్య.

 "నాకూ తోచడం లేదురా" అంది అవ్వ. "మనం మూడు ప్రశ్నలే అడిగేవాళ్ళం. నాలుగోది అడగాల్సింది. నీ తర్వాత ఎవరు అని. ఇకమీద ఆ ప్రశ్న నువ్వే అడుగు. నీ నోటి నుంచి వస్తే వింటారు."

ఆ తర్వాత నేరేళ్ళకోనలో వింత ప్రాణిని పట్టుకొచ్చిన ప్రతివాడినీ ముందు గుబురయ్య గుహకే పంపేవారు. గుబురయ్య వాళ్ళకు పగడాన్ని చూపించేవాడు, చేతి మీది గాటు చూపించేవాడు, తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. చాలామంది నాలుగోది వినగానే, తెచ్చినదాన్ని తెచ్చిన చోటికే జాగ్రత్తగా తిరిగి చేర్చేవారు.

కానీ ఆ రోజు ఆ వానలో అవన్నీ ఇంకా జరగలేదు. బయట మడుగు ఒడ్డున ఉన్న గుర్తులన్నీ కొట్టుకుపోతున్నాయి. గుంటలోంచి పగడం తల పైకెత్తింది.

"మామా, వాన పడుతోంది. నువ్వు వెళ్తున్నావా?" అంది.

గుబురయ్య గుహ లోపలికి తిరిగి చూశాడు. బండ కింద అతని అడుగు పొడిగా, గట్టిగా, వేసినది వేసినట్టే ఉంది.

"లేదు" అన్నాడు. అని, పగడానికి మేత తేవడానికి వానలోకి నడిచాడు.

నీతి: ముచ్చటపడి ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకోవడానికి ఒక్క రోజు చాలు, తెచ్చుకున్నాక దాని బతుకు ఉన్నంత కాలం దాని పూచీ మనదే. ఎక్కడో వదిలేసి చేతులు దులుపుకుంటే ఆ పూచీ తీరదు, ఇతరుల నెత్తిన పడుతుంది.